రెండు మాటలూ ఒకే పోస్టులో

"పన్నెండింటికి వీణ్ని పోలీసులకు అప్పగిస్తున్నాను. ఈలోగా మీరేమైనా అడగాలనుకుంటే అడగండి మేడమ్. నా వరకు కేసు అయిపోయింది" అన్నాడు భుజంగరావు.

శనివారం, ఇరవయ్యో తేదీ, ఉదయం తొమ్మిదీ పది. నగర శివారు జిగణిలో 'చిగురు' రాగిమాల్ట్ తయారుచేసే ఫ్యాక్టరీ ఆఫీసు గది అది. టేబులు వెనక యజమాని ఆదెమ్మ కూర్చుని ఉంది. ఆమె పక్కన మార్కెటింగ్ చూసే ప్రేమ్ కుమార్ ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డాడు. కిటికీ దగ్గర ఉన్న భుజంగరావు రిటైర్డ్ ఇన్‌స్పెక్టరు, ఇప్పుడు పెద్ద సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతున్నాడు. మూల కుర్చీలో తల వంచుకుని కూర్చున్నవాడు సురేశ్. మొన్న పదిహేడు దాకా ఇదే ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటరు.

గ్రేస్ బ్యాగు కింద పెట్టి కుర్చీ లాక్కుంది. పదహారేళ్లు ఆస్పత్రి క్యాజువాలిటీలో నర్సుగా చేసి, ఆరేళ్ల కిందట సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి. కేసు మొదలయ్యే రోజున ఆమెకు ఆకలి బాగా వేస్తుంది, నిద్ర బాగా పడుతుంది. ఈ ఉదయం నాలుగు ఇడ్లీలు తిని వచ్చింది.

"మీరు చెప్పండమ్మా" అంది ఆదెమ్మతో.

"ఏం చెప్పేది? వారం దినాలుగా ఫోన్లలో యాడ చూసినా మా పేరే. చిగురు అని ఉంటే పక్కనే వాంతులు అని ఉండాది. అంగళ్లవాళ్లు డబ్బాలు వెనక్కి పంపిస్తా ఉండారు. లోపల నలభై మంది ఆడోళ్లు గురువారం నుంచి పని లేక ఊరికే కూచోనుండారు. రావుగారేమో ఈ పిల్లోడే అంతా చేసినాడంటాడు. ఐదేండ్లు నా కాడ చేసినాడు, ఒక్క అబద్ధం ఆడింది నేను చూల్లేదు. అందుకే నిన్ను పిలిచినా."

భుజంగరావు ఒక రిపోర్టు టేబులు మీద పడేశాడు. "చూడండి. చిగురు అనే మాటా, వాంతులు అనే మాటా కలిసి ఉన్న పోస్టులు నూట ఎనభై. మామూలుగా ఉండాల్సినదానికి తొమ్మిది రెట్లు. అందులో ఎక్కువమంది పంచుకున్నది ఎవరి పోస్టు? వీడిది. ఎందుకు రాశాడు? సూపర్‌వైజర్‌ని చేయలేదన్న కోపం. ఇంకేం కావాలి?"

గ్రేస్ సురేశ్ వైపు తిరిగింది. "ఎప్పుడు రాశావు బాబూ?"

"పదారో తేదీ. రాత్రి తొమ్మిదీ నలభైకి."

"నీకు వాంతులయ్యాయా?"

"లేదు మేడమ్."

"మరెవరికి?"

సురేశ్ తల ఇంకా కిందికి వంచుకున్నాడు.

"మూడు రోజులుగా ఇదే వరస" అన్నాడు భుజంగరావు. "పేరు చెప్పమంటే చెప్పడు. ఉంటే కదా చెప్పడానికి!"

గ్రేస్ తన ఫోన్‌లో సురేశ్ రాసిన పోస్టు తెరిచి మెల్లగా చదివింది. "'తొమ్మిది మందికి వాంతులు' అని రాశావు. కట్టుకథ చెప్పేవాళ్లు పది మంది అంటారు, ఇరవై మంది అంటారు. తొమ్మిది అనరు. నువ్వు ఒక్కొక్కరినీ లెక్కపెట్టావు కదూ? నేను నర్సుని సురేశ్. వాళ్లలో ఇంకా ఎవరికైనా బాగాలేకపోతే నాకు ఇప్పుడే తెలియాలి."

అతను తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మా చెల్లెలు శిరీష మేడమ్. మడివాళలో పీజీ హాస్టల్లో ఉండాది. పద్నాలుగో తేదీ పొద్దున ఆ పిల్లకి, ఇంగ ఎనిమిది మందికి అయింది. పీజీ పేరు బయటపడితే దాని ఓనరమ్మ నా చెల్లెల్ని పంపించేస్తాది. ఇప్పుడిప్పుడే ఉద్యోగంలో చేరింది. అందుకే చెప్పలా."

"ఇప్పుడు బాగుందా?"

"బాగుండాది."

"చెల్లెలు!" అన్నాడు భుజంగరావు. "బాగానే దొరికింది సాక్ష్యం."

ప్రేమ్ కుమార్ గడియారం చూసుకున్నాడు. ముప్పై నాలుగేళ్లవాడు, మాట నెమ్మది. "అమ్మా, నెగటివ్ టాక్‌కి ఆన్సర్ పాజిటివ్ టాక్ ఒక్కటే. హూడిలో ఈ రోజు అపార్ట్‌మెంట్ పిల్లల డ్రాయింగ్ కాంపిటీషన్ ఉంది కదా, నేను బయల్దేరతాను. మా పాపని కూడా పికప్ చేసుకోవాలి."

ఆదెమ్మ తలూపింది. అతను వెళ్లిపోయాడు. అప్పుడు టైము తొమ్మిదీ ముప్పై అయిదు.

గ్రేస్ రిపోర్టు చివరి పేజీలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఆన్‌లైన్‌లో జనం వస్తువుల గురించి ఏం మాట్లాడుకుంటున్నారో ఏరి లెక్క తీసే కంపెనీ అది. రిపోర్టు తయారుచేసిన సమీనా హూడి ఆఫీసులో ఉంది. కర్నూలు పిల్ల.

"సమీనా గారూ, తొమ్మిది రెట్లు అంటే ఏమిటో నాలాంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి."

"సింపుల్ మేడమ్. మాల్ట్ డ్రింక్స్ గురించి ఒక నెలలో వచ్చిన పోస్టులు నలభై వేలు కలెక్ట్ చేశాం. అందులో వందకి ఐదింట్లో చిగురు పేరుంది. మరి వాంతుల గురించి రాసినవాళ్లలో కూడా వందకి ఐదుగురే చిగురు అనాలి కదా? అలా అయితే ఆ రెండు మాటలకీ లింక్ లేనట్టు. నాలుగు వందల పోస్టుల్లో వాంతులు ఉంటే ఇరవైలో చిగురు ఉండాలి. ఉన్నవి నూట ఎనభై. అందుకే తొమ్మిది రెట్లు. కానీ..."

"చెప్పండి."

"అది ఫస్ట్ పేజీ నంబర్. అందులో ఒకరు రాసింది ఇంకొకరు పంచుకున్నవి కూడా ఉన్నాయి. అవి తీసేసిన నంబర్ మూడో పేజీలో ఇచ్చాను. సార్ మూడో పేజీ చూశారా?"

భుజంగరావు రిపోర్టు అందుకుని పేజీలు తిప్పాడు.

"అవి తీసేస్తే ఎంత?"

"సొంతంగా రాసినవి ముప్పై వేలు. అందులోనూ చిగురు వందకి ఐదే. వాంతులు రెండు వందల నలభై. పన్నెండు కలవాలి, అరవై కలిశాయి. ఐదు రెట్లు."

"తగ్గింది కదా!" అన్నాడు భుజంగరావు.

"తగ్గింది సార్. పోలేదు. ఒక్క మనిషి గోల చేసుంటే పంచుకున్నవి తీసేయగానే ఒకటికి వచ్చేయాలి. ఐదు దగ్గర నిలబడిందంటే, వేర్వేరు మనుషులు ఎవరికి వాళ్లే రాస్తున్నారు."

"ఆ అరవైలో సురేశ్ కంటే ముందు రాసినవి ఎన్ని?" అని గ్రేస్ అడిగింది.

కీబోర్డు చప్పుడు వినిపించింది. "ముప్పై ఒకటి. మొదటిది పద్నాలుగో తేదీ పొద్దున పదీ ఐదుకి."

"అన్నీ వీడి దొంగ ఖాతాలే అయ్యుంటాయి" అన్నాడు భుజంగరావు.

"నాలుగైదేళ్ల పాత ఖాతాలు సార్. ఒకామె పరీక్షల గురించి రాస్తుంది, ఇంకొకామె బస్సు లేటని తిడుతుంది. దొంగ ఖాతాలకి ఇంత సొంత గొడవ ఉండదు."

గ్రేస్‌కు ఆ పిల్ల మాట నచ్చింది. "ఆ అరవై పోస్టుల్లో ఎక్కువగా కనిపించే ఇంకో మాట ఏదైనా ఉందా?"

"ఉంది. 'ప్యాకెట్'. నలభై ఒక్క పోస్టుల్లో ఉంది."

ఆదెమ్మ కుర్చీలోంచి లేచింది. "ప్యాకెట్టా? మేము ప్యాకెట్లు చెయ్యనే చెయ్యం! డబ్బాలొకటే."

అప్పుడు సురేశ్ అన్నాడు. "అమ్మా, ఇంకో మాట. గోడౌన్లో నీళ్లు కారి తడిసిన పిండి మూటలు పారేయాలని పక్కన పెట్టినాం కదా. పదో తేదీ చూస్తే రెండు మూటలు లేవు. ప్రేమ్ సార్‌ని అడిగితే పారేయించినానన్నాడు."

"నాకు సాయంత్రం దాకా టైమివ్వండి" అంది గ్రేస్.

"ఇచ్చినా" అంది ఆదెమ్మ.

"అయితే నేనూ వస్తాను" అన్నాడు భుజంగరావు. "మీరు సాక్షులకు మాటలు నేర్పకుండా చూడాలిగా."

పదకొండూ నలభైకి ఇద్దరూ మడివాళ మార్కెట్ వెనక వీధిలో ఉన్నారు. పీజీ యజమానురాలు ఈరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎవురప్పా మీరు? కార్పొరేషనోళ్లా? మా అడిగె మనె, వంటిల్లు చూసుకోండి. నీళ్లు ఫిల్టరువి, పాలు పొద్దున తెచ్చినవి. నా తప్పు ఏముండాది?"

"మీ తప్పు లేదని రుజువు చేయడానికే వచ్చానమ్మా. నేను నర్సుని. శిరీషను పిలుస్తారా?"

నర్సు అనగానే ఈరమ్మ పక్కకు తొలగింది.

వంటగది చిన్నదైనా తుడిచినట్టు ఉంది. గ్యాసు పొయ్యి పక్కన పాల గిన్నె, గోడకు రెండు అరలు. పై అరలో చిగురు డబ్బా, కింది అరలో అట్టపెట్టె. శిరీష వచ్చి అన్నలాగే తల వంచుకుని నిలబడింది. గ్రేస్ ఆమె నాడి చూసి, నాలుక చాపమని చూసి, ఆ తర్వాత నోటు పుస్తకం తీసింది.

"పద్నాలుగో తేదీ పొద్దున ఎన్నింటికి తాగావమ్మా?"

"ఏడుంపావుకి అక్కా. ఎనిమిదిన్నరకి బస్సులో వాంతి స్టార్ట్ అయింది."

"మిగతావాళ్లకి?"

"కొంచెం అటూ ఇటుగా అందరికీ ఎనిమిది, తొమ్మిది మధ్యే."

"జ్వరం?"

"ఎవరికీ లేదు."

"ఆ పూట మాల్ట్ తాగింది తొమ్మిది మందేనా?"

"లేదు, పదకొండు మంది. ఇద్దరికి ఏమీ కాలేదు. వాళ్లు చక్కెర వద్దని డబ్బాలోది కలుపుకున్నారు. మేము ప్యాకెట్లోది."

గ్రేస్ పెన్ను ఆపింది. "పాలు?"

"అదే గిన్నె."

"నీళ్లు?"

"అవే."

గ్రేస్ భుజంగరావు వైపు చూసింది. "పాలు ఒకటే, నీళ్లు ఒకటే, గిన్నె ఒకటే. తేడా పిండి ఒక్కటే. గంటంపావులో వాంతి, జ్వరం లేదు. అంటే కడుపులోకి పోయాక పెరిగిన జబ్బు కాదిది. తడిసిన పిండిలో ముందే తయారై కూర్చున్న విషం. మరిగించినా పోదు."

ఆమె అట్టపెట్టెలోంచి ఒక ప్యాకెట్ తీసింది. పైన చిగురు బొమ్మ సరిగ్గానే ఉంది, అంచు అతుకు మాత్రం వంకరగా పోయింది. ఫ్యాక్టరీ మిషన్ వేసిన అతుకు కాదు, చేత్తో నొక్కి వేసింది. మూల చింపి వాసన చూసింది. ఆ తర్వాత డబ్బా మూత తీసి చూసింది. డబ్బాలో వేయించిన రాగుల కమ్మదనం ఉంది. ప్యాకెట్లో ముక్కిపోయిన వాసన. రెండూ భుజంగరావు ముక్కు దగ్గర పెట్టింది. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇవి ఎవరిచ్చారమ్మా?"

"పదమూడో తారీఖు సాయంత్రం ఒకాయన వచ్చినాడు. నున్నగా మాట్లాడతాడు. కన్నడము, తెలుగు, ఇంగ్లీషు అన్నీ వస్తాయి. ఈ వీధి పీజీలన్నిటికీ సుమ్నే ఇచ్చినాడప్పా, పైసా తీసుకోలా. నేను నవ్వలేదని మూడుసార్లు ఫోటో తీసినాడు."

"ఇచ్చి ఏం చేయమన్నాడు?"

"ఆ చీటీలో ఉండాది చూడు."

పెట్టె అడుగున అచ్చువేసిన చీటీలు ఉన్నాయి. గ్రేస్ ఒకటి పైకి చదివింది. "'చిగురు, హాస్టల్. ఈ రెండు మాటలూ ఒకే పోస్టులో ఉండాలి. విడివిడిగా రాస్తే లెక్కలోకి రాదు.'"

"పోటీ కంపెనీ పని" అన్నాడు భుజంగరావు వెంటనే. "పేరు చెడగొట్టడానికి పాడైన పిండి పంచారు."

"చెడగొట్టేవాడు చిగురు, వాంతులు అని రాయమంటాడు. హాస్టల్ అని రాయమంటే వాడికేం లాభం?"

"అయితే పిచ్చివాడు."

"పిచ్చివాడు కాదు సార్. రెండు మాటలు ఒకే పోస్టులో పడాలని, విడిగా పడితే లెక్కలోకి రాదని ఎవరికి తెలుసు? పొద్దున సమీనా చెప్పేదాకా నాకు తెలియదు, మీకూ తెలియదు. తన పనిని ఆ అంకెతో కొలుస్తున్నారని తెలిసినవాడికే తెలుసు."

భుజంగరావు కళ్లజోడు తగిలించుకున్నాడు. రిపోర్టు మూడో పేజీ మళ్లీ తెరిచి ఈసారి నిదానంగా చదవడం మొదలుపెట్టాడు.

గ్రేస్ సమీనాకు ఫోన్ చేసింది. ఏ మాటలు గమనించమని ఎవరు అడిగారో చెప్పాలంటే కస్టమర్ అనుమతి కావాలంది సమీనా. ఆదెమ్మ ఎవరో కూలీలతో షెడ్డులో ఉంది, ఫోన్ ఎత్తడం లేదు. గంటన్నర ఎదురుచూడాల్సి వచ్చింది. ఖాళీగా కూచోబెట్టడం ఈరమ్మకు నచ్చలేదు. ఇద్దరికీ కంచాలు పెట్టి రాగిముద్ద, ఆకుకూర సారు వడ్డించింది. భుజంగరావు వద్దంటూనే రెండో ముద్ద కూడా తిన్నాడు. గ్రేస్ వేళ్లు నాకుతూ, ఈ ఊళ్లో ఇంత మంచి సారు తిని ఎన్నాళ్లయిందో అనుకుంది.

రెండూ ఇరవైకి ఆదెమ్మ నుంచి సమీనాకు అనుమతి వెళ్లింది. రెండూ ముప్పైకి సమీనా ఫోన్ చేసింది.

"మేడమ్, చిగురు పక్కన ఏ టాపిక్స్ పెరగాలో టార్గెట్ లిస్ట్ ఒకటి మాకు పంపారు. చదవనా? 'హాస్టల్, పద్నాలుగో తేదీకి.' అది నిజంగానే పెరిగింది. అంతకుముందు లింకే లేదు, పద్నాలుగున ఆరు రెట్లయింది. వాంతుల పోస్టులు ఆ తర్వాతే మొదలయ్యాయి."

"ఎవరు పంపారు?"

"ప్రేమ్ కుమార్ గారు. రోజూ పొద్దున ఫోన్ చేసి ఆ నంబర్ ఎంతైందని అడిగేవారు."

"లిస్టులో ఇంకేముంది?"

"'పిల్లలు, ఇరవయ్యో తేదీ.' ఈ రోజే మేడమ్."

గ్రేస్ లేచి నిలబడింది. హూడి అపార్ట్‌మెంట్‌లో డ్రాయింగ్ పోటీ ఈ మధ్యాహ్నమే. ప్రేమ్ కుమార్‌కు మూడుసార్లు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు.

"ఆ అపార్ట్‌మెంట్ పేరేమిటి?" అని భుజంగరావు అడిగాడు. గ్రేస్ ఆదెమ్మకు ఫోన్ చేసి కనుక్కుని చెప్పగానే తన ఫోన్ తీశాడు. "గేటు దగ్గర ఉండేది మా వాళ్లే. హలో, నేను భుజంగరావుని. క్లబ్ హాల్లోకి వెళ్లు. నేను వచ్చేదాకా ఒక్క పిల్లాడూ ఏమీ తాగకూడదు. ఎవరడిగినా నా పేరు చెప్పు." ఫోన్ పెట్టేసి కారు తాళాలు తీశాడు. "రండి మేడమ్."

మడివాళ నుంచి హూడికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది.

క్లబ్ హాల్లో అరవై మంది పిల్లలు నేల మీద బోర్లా పడుకుని రంగులు వేస్తున్నారు. గోడ పక్కన టేబులు మీద రెండు అట్టపెట్టెలు. వాటి ముందు సెక్యూరిటీ గార్డు చేతులు చాపి కాపలా కాస్తున్నాడు. అతనితో వాదిస్తున్న ప్రేమ్ కుమార్ గ్రేస్‌ని చూసి ఆగిపోయాడు.

"ఆ పిండి ఎక్కడిది?" అని గ్రేస్ అడిగింది.

"స్టాక్ మేడమ్. మా స్టాకే."

"తడిసిన రెండు మూటలు. పదో తేదీకి ముందు గోడౌన్లోంచి తీశావు. అవునా?"

అతను ఒక పెట్టె మీద చెయ్యి వేశాడు. "శాంపిల్స్ అడిగితే ఆదెమ్మగారు ఒప్పుకోలేదు. ఆ నంబర్ కదలకపోతే నా జాబ్ కదులుతుందని నా భయం. పిండి ఊరికే పారేస్తున్నారు కదా అని ఎండబెట్టాను, జల్లించాను, ఇంట్లోనే ప్యాక్ చేశాను. బాగానే ఉంది మేడమ్! ఆ పీజీల్లో నీళ్లు బాగుండి ఉండవు, సురేశ్ దాన్ని పెద్దది చేశాడు. అంతే అనుకున్నాను."

"అనుకున్నావా, అనుకోవాలనుకున్నావా?"

"నిజంగా మేడమ్! బాగాలేదని తెలిస్తే నా కూతురికి ఇస్తానా?"

గ్రేస్ పిల్లల వైపు తిరిగింది. "ఎప్పుడిచ్చావు?"

"రెండున్నరకి. వీడియో కోసం. గార్డు రాకముందే."

గడియారంలో మూడూ యాభై. గ్రేస్ అప్పటికే నడుస్తోంది. కిటికీ కింద, పసుపుపచ్చ గౌనులో ప్రేమ్ కుమార్ కూతురు, ఐదేళ్ల జాయ్, రంగు పెన్సిలు పక్కన పెట్టి మోకాళ్లు కడుపుకు హత్తుకుని కూర్చుంది. నుదుటి మీద చెమట. పెదాలు తెల్లబడ్డాయి.

"కడుపు నొప్పా అమ్మా?"

జాయ్ తలూపింది. "డాడీ వీడియో అయ్యేదాకా చెప్పకూడదనుకున్నా" అంది. అంతలోనే వాంతి చేసుకుంది.

ప్రేమ్ కుమార్ పరుగెత్తుకొచ్చాడు. గ్రేస్ పిల్లను పక్కకు తిప్పి పట్టుకుని, నోరు తుడిచి, భుజాన వేసుకుంది. భుజంగరావు ముందు పరుగెత్తి కారు తలుపు తీశాడు.

ఆస్పత్రి పది నిమిషాల దూరంలో ఉంది. గ్రేస్ డాక్టరుకు తాగిన టైము, వాంతి టైము, ప్యాకెట్ మూడూ ఒకేసారి అందించింది. సెలైన్ పెట్టారు. ఐదూ ముప్పైకి వాంతులు ఆగాయి. ఐదూ యాభైకి జాయ్ రెండు చెంచాల నీళ్లు తాగింది, నిలిచాయి. పావుగంట తర్వాత ఇంకో రెండు, అవీ నిలిచాయి. నర్సు గ్రేస్‌ని చూసి నవ్వింది. ఆ నవ్వు అర్థం గ్రేస్‌కు తెలుసు. భయం లేదని.

కారిడార్లో ప్రేమ్ కుమార్ ముఖం కడుక్కుని వచ్చాడు. భుజంగరావు కాగితం ముందు పెడితే జరిగిందంతా తనే రాసి సంతకం చేశాడు. సురేశ్ తప్పేమీ లేదని మొదటి వాక్యంలోనే రాశాడు. పెన్ను తిరిగి ఇవ్వబోతూ ఆగాడు.

"మేడమ్, ఇంకొకటుంది."

"చెప్పు."

"వాంతుల నంబర్ దింపాలని... ఆన్‌లైన్‌లో వీడియోలు చేసేవాళ్లు నలభై మందికి నిన్న కొరియర్‌లో పంపాను. ఈ సాయంత్రం ఏడింటికి అందరూ ఒకేసారి లైవ్‌లో తాగి చూపిస్తారు."

గడియారంలో ఆరూ పది.

"వాళ్ల నంబర్లివ్వు!"

"నా దగ్గర లేవు. మధ్యలో ఒక ఏజెంటు చూసుకున్నాడు. శనివారం కదా, ఫోన్ ఆఫ్."

భుజంగరావు గోడను గుద్దాడు. గ్రేస్ కళ్లు మూసుకుని రెండు క్షణాలు ఆలోచించింది. "వాళ్లకూ చీటీ పంపావా?"

"పంపాను. 'చిగురు, ధైర్యం' అని రెండు మాటలతో ఈ రోజు పోస్టు పెట్టాలని."

గ్రేస్ ఫోన్ తీసింది. "సమీనా, ఇంకా ఆఫీసులోనే ఉన్నావా? ఈ రోజు చిగురు, ధైర్యం కలిపి ఎవరెవరు రాశారో పేర్లు కావాలి. పంచుకున్నవి తీసేయ్. సొంతంగా రాసినవాళ్లే కావాలి."

ఆరూ పద్దెనిమిదికి జాబితా వచ్చింది. సరిగ్గా నలభై పేర్లు. అంతకుముందు ఏ రోజూ ఆ రెండు మాటలు కలవలేదు, అందుకే ఒక్క పేరూ ఎక్కువ లేదు, తక్కువ లేదు. గ్రేస్ జాబితాను జిగణికీ మడివాళకూ పంపింది. ఆరూ ఇరవై ఐదుకు ఆదెమ్మ తన ఫోన్ ముందు కూర్చుని మాట్లాడింది. "నేను చిగురు ఆదెమ్మని. మా పిండే చెడిపోయింది, మా మనిషే పంచినాడు. ప్యాకెట్టు ఎవరికాడ ఉన్నా తాగొద్దండి. తప్పు మాదే." సురేశ్ ఆ వీడియోను ఒక్కొక్కరికీ పంపాడు. పీజీలో శిరీష, జబ్బుపడిన మిగతా ఎనిమిది మంది తలా నలుగురైదుగురి పేర్లు పంచుకుని రాయడం మొదలుపెట్టారు. ఈరమ్మ కూడా ఒకామెకు ఫోన్ చేసి కన్నడంలో గట్టిగా కోప్పడింది.

ఆరూ నలభైకి ఇరవై రెండు మంది జవాబిచ్చారు. ఆరూ యాభైకి ముప్పై ఐదు. ఆరూ యాభై ఎనిమిదికి ముప్పై తొమ్మిది.

మిగిలిన అమ్మాయి ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుంది కాబోలు, ఏ సందేశమూ చూడలేదు. ఏడింటికి ఆమె లైవ్ మొదలైంది. ఆస్పత్రి కారిడార్లో గ్రేస్, భుజంగరావు, ప్రేమ్ కుమార్ ముగ్గురూ ఒకే ఫోన్ మీదికి వంగారు. తెర మీద ఇరవై రెండేళ్ల పిల్ల, చేతిలో నిండు గ్లాసు.

"హాయ్ అందరికీ! వాంతులవుతాయంట, చూద్దామా?" అంటూ నవ్వుతూ గ్లాసు ఎత్తింది.

తెర అడుగున శిరీష రాసిన మాటలు కనిపించాయి. 'అక్కా తాగొద్దు. నేను తాగాను. బస్సులో అందరి ముందూ వాంతి చేసుకున్నా. ప్లీజ్.' దాని కింద ఇంకొకటి, ఇంకొకటి. తొమ్మిది మందివీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

ఆ పిల్ల గ్లాసు పెదాల దగ్గరే ఆపి చదివింది. నవ్వు పోయింది. గ్లాసు కింద పెట్టి, ప్యాకెట్ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"అవునూ, దీని మీద తయారుచేసిన తేదీ కూడా లేదేంటి?" అంది కెమెరాతో. "ఆగండి. దీన్ని నేను పారబోసొస్తా."

లేచి వెళ్లింది. ఖాళీ కుర్చీ వెనక నుంచి సింకులో నీళ్లు వదిలిన చప్పుడు వినిపించింది.

భుజంగరావు గట్టిగా ఊపిరి వదిలి బెంచీ మీద కూర్చున్నాడు. "మేడమ్, ఇలాంటి రిపోర్టు మళ్లీ నా చేతికొస్తే మీ దగ్గరికే తీసుకొస్తాను. మొదటి పేజీ నేను చదువుతాను, మిగతావి మీరు చదవండి."

"అన్ని పేజీలూ ఇద్దరం చదువుదాం సార్" అంది గ్రేస్.

లోపల జాయ్ నిద్ర లేచి ఆకలేస్తోందని ఏడుస్తోంది. ఆ రోజంతా గ్రేస్ విన్నవాటిలో అంత మంచి కబురు ఇంకొకటి లేదు. ఆమె నర్సు వెనకే లోపలికి వెళ్లింది.